ఇప్పచెట్టు శాఖ

ఒక పెద్ద అడవిలో, అన్ని పెద్ద అడవుల్లాగే, నీళ్ళు తక్కువ, ఆఫీసులు ఎక్కువ. వాటిలో నీళ్ళ వంతుల ఆఫీసు ఒకటి. ఎండాకాలంలో ఏ జంతువు ఏ మడుగులో ఎప్పుడు తాగాలో అక్కడే తేల్చాలి. దానికి హెడ్ క్లర్కు ఎలుగుబంటి బొచ్చయ్య.

బొచ్చయ్యకు ఇప్పపూలంటే ప్రాణం. ఏడాదికోసారి వస్తాయి, తెల్లవారుజామున రాలతాయి, పొద్దెక్కితే వాడిపోతాయి. ఎండాకాలం ఆఫీసు కూడా తెల్లవారగానే మొదలు. అయినా ఇన్నేళ్ళూ చిక్కు రాలేదు. కుర్చీకి కండువా తగిలించి చెట్టు కిందికి చెక్కేసేవాడు. ఎవరైనా వస్తే, "ఇప్పుడే ఇక్కడే ఉన్నారు, టీకి వెళ్ళుంటారు" అనేవాళ్ళు. కండువా ఉంటే ఉద్యోగి ఉన్నట్టే!

ఈ ఏడు కొత్త ఆఫీసరమ్మగా ఏనుగు వచ్చింది. వచ్చిన రోజే కండువాలన్నీ తొండంతో లాగి మూలకు విసిరేసి, "ఇకమీదట ఖాళీ కుర్చీ అంటే సెలవే" అంది. బొచ్చయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. ఇప్పచెట్లు అప్పటికే మొగ్గ తొడిగాయి.

సరిగ్గా అప్పుడే ఆఫీసుకు కంప్యూటర్లు మంజూరయ్యాయి. ల్యాప్‌టాప్‌లు కొనాలా, బల్లమీద కూర్చునే బుల్లి డెస్క్‌టాప్‌లు కొనాలా? మీటింగు పెట్టారు.

"ల్యాప్‌టాపే అమ్మా!" అని లేచాడు బొచ్చయ్య. "చంకలో పెట్టుకుంటే ఎక్కడ కూర్చుంటే అక్కడే ఆఫీసు. ప్రజాసేవకు కుర్చీతో పనేముంది?"

ఆయన నోట ప్రజాసేవ అనే మాట విని గుమాస్తా కాకి సుందరానికి పొలమారింది.

సూపరింటెండెంటు తాబేలు కూర్మారావు మెల్లగా తల బయటపెట్టాడు. "ఏమోయ్ బొచ్చయ్యా, పుట్టినప్పట్నుంచీ ఇల్లు వీపున మోస్తున్నవాణ్ణి, నా మాట విను. ఇల్లు మోసేవాడికి ఇంటికెళ్ళే సుఖం ఉండదు. ఆఫీసును మోశావా, ఆఫీసు వదిలెళ్ళే సుఖమూ ఉండదు. ఆ బుల్లి పెట్టె తీసుకో. బల్ల దిగి నీ వెంట రాదు."

"మీది పాతకాలమండీ" అని నవ్వేశాడు బొచ్చయ్య.

"నాకు బుల్లి పెట్టే చాలమ్మా, మోసే ఓపిక లేదు" అన్నాడు సుందరం. ఎవరడిగింది వాళ్ళకిచ్చింది ఆఫీసరమ్మ.

మొదటి పూలు రాలిన తెల్లవారుజామున బొచ్చయ్య చెట్టు కింద చతికిలబడ్డాడు. పువ్వు నోటిదాకా వచ్చింది. ల్యాప్‌టాప్ టింగుమంది. తెరనిండా తొండం!

"బొచ్చయ్యగారూ, డ్యూటీలో ఉన్నారుగా? జింకల వంతు సంగతి చూడండి. అది కాగానే పందులది."

అవి అయ్యేసరికి పూలు వాడిపోయాయి. మర్నాడూ అంతే. మూడోనాడు బొచ్చయ్య తెలివిగా, "బ్యాటరీ అయిపోయిందమ్మా" అని మూత మూసేశాడు. సాయంత్రానికి ఆఫీసరమ్మ పంపిన కోతులు కొమ్మకొమ్మకూ తీగ లాగి, ఇప్పచెట్టుకు ప్లగ్గు బిగించి పోయాయి. పక్కనే ఒక బోర్డు కూడా కొట్టాయి: నీళ్ళ వంతుల ఆఫీసు, ఇప్పచెట్టు శాఖ.

బోర్డు చూసి అడవంతా అక్కడికే వచ్చింది. వరసలో నిలబడి నిలబడి విసుగొచ్చిన జింకలూ పందులూ కాళ్ళ దగ్గరి పూలు ఏరుకు తినసాగాయి. బొచ్చయ్య వంతులు రాస్తూ గుటకలు మింగాడు. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడే సుందరం వచ్చి కొమ్మమీద వాలి, తాపీగా ఒక పువ్వు తెంపుకున్నాడు.

"నీకు డ్యూటీ లేదట్రా?"

"ఎందుకు లేదు గురువుగారూ! నా పెట్టె వెలుగుతూనే ఉంది, బల్లమీద గుయ్యిమంటూనే ఉంది. చూసినవాళ్ళంతా సుందరం ఇప్పుడే ఇక్కడే ఉన్నాడు, టీకి వెళ్ళుంటాడు అనుకుంటారు."

బొచ్చయ్య ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు పరుగెత్తి, "నాకూ ఆ బుల్లి పెట్టే ఇప్పించండమ్మా" అని చేతులు జోడించాడు.

"పెట్టడానికి మీకు ఇక్కడ బల్లేదీ?" అంది ఆఫీసరమ్మ. "మీరు శాఖకు వెళ్ళిపోయారని మీ బల్లా, మీ హెడ్ క్లర్కు కుర్చీ సుందరానికిచ్చాం. బంగారం లాంటి ఉద్యోగి! ఎప్పుడొచ్చి చూసినా పెట్టె వెలుగుతూనే ఉంటుంది."

నీతి: పని ఎగ్గొట్టాలనుకునేవాడు ముందుగా పనికి ఒక శాశ్వత చిరునామా ఏర్పాటు చెయ్యాలి.