ఫవ్వాజ్ కుర్చీ

ఆ ఉదయం జనార్దన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. తనిఖీ అధికారి వచ్చేలోగా ఫవ్వాజ్‌ను కుర్చీలో కూర్చోబెట్టాలి. అధికారి వెళ్లగానే లేపాలి. అంతే.

సౌదీ పట్నం రాబిగ్‌లోని ఆ ఏసీ రిపేరు షాపులో మెకానిక్ జనార్దన్ ఒక్కడే. కాగితాల్లో మాత్రం ఫవ్వాజ్ అనే సౌదీ కూడా ఉన్నాడు. స్థానికులకు ఉద్యోగాలివ్వాలనే నితాకత్ చట్టం వచ్చాక సౌదీ ఉద్యోగి లేని షాపు ఎరుపు జాబితాలో పడుతుంది. ఎరుపులో పడితే పరాయి దేశస్థుడి ఇకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, రెన్యూవల్ కాదు. జనార్దన్ ఇకామా ఆ వారంతో సరి. ఆ తర్వాత ఇంటిదారే. అందుకే ఫవ్వాజ్‌కు కొద్దిపాటి జీతమిచ్చి, ఇంట్లోనే ఉండమన్నారు. తన కొలువు ఎవరి పేరు మీద నిలబడిందో ఆ మనిషిని జనార్దన్ ఎన్నడూ చూడలేదు. చూడాలని తెగ ఉబలాటం.

"దేశం వాళ్లది, నూనె వాళ్లది. గీ చిల్లర జీతానికి ఎందుకు ఒప్పుకున్నడు సాబ్?" అని అడిగాడు జనార్దన్.

"నీకెందుకప్పా అదంతా? వస్తాడు, కూసుంటాడు, పోతాడు. నువ్వు చాయ్ పెట్టు" అన్నాడు మేనేజర్ మౌలా సాహెబ్. ఆయనది కడప.

ఫవ్వాజ్ వచ్చాడు. దొరలా తెల్లటి పొడవాటి అరబ్బీ అంగీ, తోబ్‌లో కాదు, మెకానిక్ దుస్తుల్లో! చేతిలో టూల్ బాక్స్. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఏసీ డిప్లొమా చదివాను. ఇంట్లో కూర్చుంటే ఇచ్చే జీతం చాలక టాక్సీ నడుపుతున్నాను. పిల్లనిచ్చేవాళ్లు ఏం పనంటే ఏం చెప్పను? పని ఇవ్వు" అన్నాడు అరబ్బీలో.

జనార్దన్ మెత్తబడ్డాడు. షాపు సొంత ఏసీ చెడిపోయి చాలాకాలమైంది. ఊరందరివీ బాగుచేసేవాడికి తనది చూసుకునే తీరికెక్కడిది? డాబా మీది యూనిట్ చూపించి, "ఊకె చూడు, ఇప్పకు" అని దిగాడు. చాయ్ మరిగేలోగా ఫవ్వాజ్ మొత్తం విప్పేశాడు.

మౌలా సాహెబ్ పైకి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "కొంప ముంచితివి కదప్పా! సౌదీవోనితో కూలిపని చేయిస్తాండామని రాసుకుంటారు! వాణ్ణి కిందికి దిగొద్దని చెప్పు!"

బయట కారు ఆగింది. లోపల కుర్చీ ఖాళీ. ఫవ్వాజ్ కోసం తెచ్చిపెట్టిన తోబ్ మౌలా సాహెబ్ చేతిలో ఉంది. ఎదురుగా గడ్డం పెరిగిన జనార్దన్ ఉన్నాడు.

"సాబ్, వద్దు సాబ్..."

"తొడుక్కో!"

అధికారి లోపలికొచ్చి కుర్చీలోని 'ఫవ్వాజ్'ను ఆప్యాయంగా పలకరించాడు. "మీది ఏ తెగ?"

"జగిత్యాల" అన్నాడు జనార్దన్.

అధికారి కనుబొమలు ముడిపడ్డాయి. ఆ తెగ పేరు ఆయన వినలేదు. మరో ప్రశ్నకు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే నెత్తిమీద ఏసీ గర్జించింది. ఇన్నాళ్ల దుమ్మంతా ఒక్కసారిగా ఆయన తెల్లటి తోబ్ మీద కురిసింది. వెనకే చల్లగాలి.

నిచ్చెన మీంచి మసి మొహం దిగింది. "నడుస్తోందా?"

"నువ్వెవరు?" అన్నాడు అధికారి తుమ్ముతూ.

"ఫవ్వాజ్. ఇక్కడే ఉద్యోగం."

"మరి ఇతను?"

జనార్దన్ తోబ్ విప్పసాగాడు. "మెకానిక్‌ను సార్."

అధికారి చాలాసేపు ఫవ్వాజ్ చేతుల్నే చూశాడు. "పొద్దున్నుంచీ ఏ షాపుకెళ్లినా కుర్చీలో కూర్చున్న సౌదీనే చూస్తున్నాను. చేతికి మసి అంటినవాణ్ణి ఇప్పుడే చూశాను!" అని, అతనితో ఫొటో దిగి, షాపును పచ్చ జాబితాలో రాసుకుని పోయాడు.

జనార్దన్ ఇకామా రెన్యూవల్ అయింది. ఆ ఫొటో ఊరంతా తిరిగింది. ఇప్పుడు ప్రతి ఇంటికీ ఫవ్వాజే కావాలి.

"ఏమనుకోకప్పా" అన్నాడు మౌలా సాహెబ్. "జీతం కొంచెం తగ్గిస్తా. నువ్వు రూములోనే ఉండు, పనుంటే పిలుస్తాలే."

జనార్దన్ ఒప్పుకున్నాడు. ఫవ్వాజ్ ఎందుకు ఒప్పుకున్నాడని మళ్లీ ఎవరినీ అడగలేదు.