నాలుగు షాపుల మేస్త్రి

నది పొంగి బజారు మునిగాక మూడో ఏడాది అది. దుకాణాల వార్షిక రికార్డు ఇక కాగితం మీద తీసుకోబోమని, కంప్యూటర్‌లోనే పంపి ఫీజు కట్టాలని సర్కారు చెప్పింది. ఆఖరి రోజు సాయంత్రంలోగా పంపకపోతే రిజిస్టరులోంచి షాపు పేరు కొట్టేస్తారు. తాళాల మేస్త్రిది ముప్పై ఒక్క ఏళ్ల షాపు. ఒక్క ఏడూ రికార్డు తప్పలేదు. ఆ ఆఖరి రోజు రానే వచ్చింది.

"ఏజెంటుకి ఇచ్చేయండి," అంది భార్య పొద్దున్నే.

"నా షాపు రికార్డు పంపడానికి వాడెవడు?" అన్నాడు మేస్త్రి.

కూతురి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఒంటివేలితో మధ్యాహ్నానికి, ఫీజు కోసం బ్యాంకు ఖాతా నంబరుతో సహా, అన్నీ నింపాడు. 'పంపు' అన్న మీట నొక్కాడు. ఏ తాళం వేసినా మూడుసార్లు లాగి చూడటం అతని అలవాటు. పడిందో లేదోనని దీన్నీ మరో మూడుసార్లు నొక్కి చూశాడు.

"చూశావా! ఏజెంటూ లేడు, గీజెంటూ లేడు," అని మీసం దువ్వాడు.

ఫోనులో కబురు వచ్చింది. భార్య పైకి చదివింది. "మీ నాలుగు షాపులూ నమోదయ్యాయి. నాలుగు ఫీజులూ ముట్టాయి." ఆమె ముఖం మారింది. "ఒకటి నాకు తెలుసు. మిగతా మూడూ ఎవరికి పెట్టారండీ?"

"ఎవరికీ పెట్టలేదే!"

"సర్కారు అబద్ధం చెప్తుందా?"

తమ్ముడికి ఫోను చేసింది. అక్క కన్నీళ్లు తుడవడానికి పరిగెత్తుకొచ్చినవాడు, సంగతి విని కుర్చీ బావ పక్కకు జరుపుకున్నాడు.

"బావా, అన్ని షాపులు ఒక్కడివే ఏం చూసుకుంటావు? ఒకటి నాకప్పగించు."

"లేని షాపు ఎలా అప్పగించనురా?"

"ఇవ్వనని చెప్పు. లేదని మాత్రం చెప్పకు."

ముగ్గురూ ఆఫీసుకు వెళ్లారు. అక్కడ మేస్త్రి ఇన్నేళ్లూ కిటికీ దగ్గర నిలబడే పని చేయించుకున్నాడు. గుమాస్తా అమ్మాయి తెర చూసి లేచి నిలబడింది.

"నాలుగు షాపుల ఓనరుగారా! లోపలికి రండి సార్, కూర్చోండి."

మేస్త్రి కూర్చున్నాడు. కుర్చీ మెత్తగా ఉంది.

"షాపు ఒక్కటేనమ్మా. మీట నాలుగుసార్లు నొక్కాను. మూడూ తీసెయ్."

"రికార్డుకో షాపు సార్, రూలు. తీయాలంటే మూసివేత ఫీజు కట్టాలి. ఒక్కోదానికి రెండింతలు."

"విన్నావట్రా? మీట నొక్కారట," అంది భార్య తమ్ముడితో. గొంతు చల్లబడింది. తమ్ముడి ముఖం వాడిపోయింది.

"ఉంచుకుంటే?" అన్నాడు మేస్త్రి.

"వచ్చే ఏడు దాకా ఏమీ కట్టక్కర్లేదు. మీలాంటి పెద్ద వ్యాపారులకి ఇక్కడ క్యూ కూడా ఉండదు సార్."

మేస్త్రి వెనక్కి ఆనుకున్నాడు. "ఉండనీ."

బయటికొచ్చాక భార్య అతని చొక్కా కాలరు సరిచేసింది.

మర్నాడు పొద్దున్నే పెయింటరును పిలిచి, షాపు పేరు కింద 'హెడ్డాఫీసు' అని రాయించాడు.