నల్లబండకు ఏడు మెట్లు

కొండకోనలకు మెట్లు కావాలని అడిగేవాళ్ళ నోట్లో బూరుగుదూది కుక్కి వారం రోజులు తీయకూడదు. ఇంత మాట అనవలసి వచ్చినందుకు బాధగానే ఉంది. అయినా అనక తప్పదు.

ఇప్పుడు పట్నాల్లో చదువుకున్నవాళ్ళకు హైకింగ్ అని కొత్త మోజు పుట్టింది. ఆదివారం వస్తే చాలు, బూట్లు బిగించి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, ఏ కొండ ఎక్కడ చీలి ఉందా, ఏ ఏరు ఏ సందులో దూరుతోందా అని వెతుక్కుంటూ పోతున్నారు. యుద్ధకాలంలో పెట్రోలు లేక బొగ్గుతో నడిచిన బస్సులు తోసి తోసి పిక్కలకు అలవాటైన కసరత్తును ఇప్పుడు మానలేకపోతున్నారని కొందరంటారు. ఏదైతేనేం? వాళ్ళకు ఆదివారం ఒక్కపూట దొరికే ఆ భాగ్యం, పుత్తూరు కొండల వెనకున్న ఏటిమిట్ట జనానికి ఏడాది పొడుగునా దొరుకుతోంది. అయినా వాళ్ళకు తృప్తి లేదు!

ఏటిమిట్ట నుంచి ఏ పనికి బయటికి రావాలన్నా ఇరుకుకోనలో దిగి నడవాలి. రెండు పక్కలా గోడల్లా కొండ. నడుమ అక్కడక్కడా మోకాటిలోతు మడుగులు. సగం దూరంలో నల్లబండ. నిలువున్నర ఎత్తు, ఎప్పుడు చూసినా పాచి. వెళ్ళేటప్పుడు పాకి దిగాలి, వచ్చేటప్పుడు పాకి ఎక్కాలి.

దీనివల్ల ఆ పల్లెకు జరిగిన మేలు ఇంతా అంతా? ఏటిమిట్టలో బొజ్జ ఉన్న మనిషి లేడు. ఉంటే కోనలో పట్టడు. పశువుల్ని లెక్కపెట్టడానికి బయల్దేరిన ఒక అధికారి, బాగా నెయ్యి తిన్న ఒళ్ళు, సందులో బిగుసుకుపోతే ఆముదం పూసి వెనక్కి లాగారు. ఆ ఏడు ఏటిమిట్టలో ఒక్క దూడ కూడా లేదని కాగితం మీద పడింది. ఒక పెళ్ళిలో పెద్ద డోలు సందులో పట్టక డోలాయన అవతలే నిలబడి వాయించాడు, ఇవతల తాళి కట్టేశారు. ఇక వియ్యపురాళ్ళు ఏడాదికొక్కసారి కూడా రారు. ఇంతకన్నా ఏం కావాలి ఒక సంసారికి?

ఇన్ని సుఖాల మధ్య మునెయ్యకు మెట్ల పిచ్చి పట్టింది.

కారణం పెద్దదేమీ కాదు. అతని భార్య తాయమ్మ నల్లబండ మీద జారి మోకాటి కింద ఎముక విరగ్గొట్టుకుంది. మంచం మీద మోద్దామంటే మంచం కోనలో పట్టదు. మునెయ్య వీపున వేసుకుని పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాడు.

"పదైదు దినాలకు కట్టు మార్సాల," అన్నాడు కట్టు కట్టినాయన. "ఈలోగా ఇంకోసారి అదిరిందంటే కాలు వంకరగానే అతుక్కుంటాది. అప్పుడు నన్ననుకుని లాభం లేదు."

మునెయ్యకు యాభై దాటాయి. తన మోకాళ్ళ మీద తనకే నమ్మకం లేదు. పల్లెవాళ్ళు నలుగురు కూర్చుంటే రెండు రోజుల్లో నల్లబండకు ఏడు మెట్లు కొట్టేస్తారు. కానీ అది రిజర్వు అడవి. ఉలి పెడితే కేసు. "కూలి వద్దు, సిమెంటు వద్దు, మేమే కొట్టుకుంటాం, కేసు పెట్టకుంటే చాలు" అని వాళ్ళు రాసుకున్న పిటిషన్ యుద్ధానికి ముందు నుంచీ ఫారెస్టు ఆఫీసులో నిద్రపోతోంది. మునెయ్య పోయి ఆ ఆఫీసు గుమ్మంలో రెండు రోజులు కూర్చున్నాడు. లోపల జయరావు అనే ఆఫీసరుకు కోన అన్న మాట వినబడగానే ప్రాణం లేచి వచ్చింది. ఆయనకు హైకింగ్ అంటే అంత ఇష్టం.

"నేనే స్వయంగా నడిచి చూసి రిపోర్టు రాస్తాను," అన్నాడు.

ఆయన వచ్చే రోజు పొద్దున తాయమ్మ మంచం మీద నుంచే అందరికీ చెప్పింది. "ఆ దొరకు ఎవురూ సెయ్యి ఇయ్యగాకండి. ఒక్కసారి జారనీండి. నడుం పట్టుకుంటే కలం దానంతటదే కదల్తాది."

"ఇన్నారు గదప్పా," అన్నాడు మునెయ్య. "దొర జారితే మనం కొండ సూస్తా నిలబడాల."

"పడితే?" అన్నాడు పక్కింటి కుప్పయ్య.

"పడితే లేపుదాం. పడకముందే లేపగాకు."

ఏర్పాటు బాగానే ఉంది. కానీ ఏటిమిట్టలో తాతలనాటి కట్టుబాటు ఒకటుంది. కోనకు కొత్తగా వచ్చిన మనిషి నల్లబండ మీద కాలు పెట్టకూడదు. బండ మీద అక్కమ్మలనే దేవతలుంటారని, కొత్త కాలు ఒప్పరని చెబుతారు. అసలు సంగతేమిటంటే, కొత్తవాడు జారితే పుత్తూరుదాకా మోయాలి, దానికన్నా బండ దాటించేదాకా మోయడం తేలిక. ఏమైనా కానీ, కొత్త కోడళ్ళు, పోస్టుమాను, టీకాల డాక్టరు, అందరూ మొదటిసారి వీపుల మీదే దాటారు.

జయరావు మేకుల బూట్లు, ఖాకీ నిక్కరు, మెడలో కెమెరాతో కోనలో దిగాడు. మొదటి మడుగు దగ్గరే తూలాడు. కుప్పయ్య చెయ్యి పట్టుకుని రాళ్ళ మీదుగా దాటించాడు. మునెయ్య గుడ్లురిమాడు.

"నేను ఇయ్యలేదప్పా, అదే పొయ్యింది," అని గొణిగాడు కుప్పయ్య. రెండో మడుగు దగ్గర ఇద్దరు కలిసి దొరను ఎత్తి అవతల పెట్టారు.

నల్లబండ వచ్చింది. జయరావు బూటు ఎత్తాడు. మునెయ్య అనుకున్న ప్రకారం కొండ వైపు తిరిగి, కొండనే చూస్తూ నిలబడ్డాడు. పాచి మీద మేకు గీరుకున్న చప్పుడు వినిపించింది. ఆ బండ మీద కొత్త కాలి చప్పుడు వినకూడదని చిన్నప్పటి నుంచీ ఒంటికి నేర్పిన పాఠం. మునెయ్య వంగలేదు. వీపు వంగింది.

"ఛ, వద్దయ్యా, నేను నడవగలను," అంటూనే జయరావు ఎక్కి మెడ చుట్టూ చేతులు బిగించాడు. బండ సగం ఎక్కాక, "ఆహా, ఏం సీనరీ," అన్నాడు. "కాస్త ఆగు, ఫోటో తీస్తాను."

"దొరా, మెట్ల సంగతి..."

"మాట్లాడకు, కెమెరా కదులుతుంది."

మునెయ్య కాలి బొటనవేలు పాచిలోకి దిగేసి నిలబడ్డాడు.

ఇంటి ముందుకొచ్చిన దొర మొహాన్ని తాయమ్మ చూడలేదు. బూట్లను చూసింది. పొడిగా, పాలిష్ మెరుస్తూ ఉన్నాయి. ఆయన అటు తిరగ్గానే మొగుణ్ణి అడిగింది. "ఎవురు మోసినారు?"

మునెయ్య గడ్డం గోక్కున్నాడు.

పది రోజులకు రిపోర్టు నకలు వచ్చింది. పల్లెలో మూడో క్లాసుదాకా చదివిన ఓబయ్య కూడబలుక్కుని చదివాడు. "కోన యావత్తు స్వయముగా పరిశీలించడమైనది. ఎచ్చటనూ కాలు జారలేదు. బూట్లకు తడి కూడా అంటలేదు. నల్లబండ వద్ద ప్రయాణము మిక్కిలి సుఖముగా నున్నది. ఫోటో జతపరచడమైనది. మెట్లు కొట్టినచో ప్రకృతి సౌందర్యము చెడును. కావున అనుమతి నిరాకరించడమైనది."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క ఉందా? కాలు జారలేదు, నిజం. తడి అంటలేదు, నిజం. సుఖంగా ఉంది, అంతకన్నా నిజం. ఫోటోలో నీళ్ళున్నాయి, ఎండ పడ్డ కొండగోడ ఉంది. ఫోటో తీసేవాడి కాళ్ళ కింద ఏముందో ఏ ఫోటోలోనూ పడదు, అది కెమెరా తప్పు కాదు. పైగా వచ్చే ఆదివారం స్నేహితులు పదిమందితో వస్తున్నానని, అందరికీ అదే దారి చూపించమని జయరావు కింద రెండు ముక్కలు తన చేత్తో రాశాడు.

కట్టు మార్పించాల్సిన పదిహేనో రోజు పొద్దున్నే మునెయ్య భార్యను వీపున వేసుకుని కోనలో దిగాడు. నల్లబండ అంచున ఆగాడు. కింద కుప్పయ్య చేతులు చాచి నిలబడ్డాడు. రాత్రి పడిన వానకు పాచి మరింత నిగనిగలాడుతోంది.

"నిదానంగా దిగయ్యా," అంది తాయమ్మ. "సీనరీ సూస్తా ఉండా."

మునెయ్యకు నవ్వొచ్చింది. "నవ్వించగాకు మే, కాలు జారతాది."

"జారదులే. దొర రాసిచ్చినాడు గదా."

మునెయ్య పాచి మీద కాలు పెట్టాడు.