ఆకు మీద తెల్ల చుక్కలు

ఆ రోజు లిఫ్టుల ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, చేపలకు మేత వేయాలి, పన్నెండింటికి ఆసుపత్రికి వెళ్ళి కంటి ఆపరేషను చేయించుకున్న అత్తగారిని ఇంటికి తీసుకురావాలి. ఇరవై అంతస్తుల లిఫ్టు గోతిలోకి దిగడానికి జంకని ఆ మనిషికి, మేత డబ్బా మూత తీయాలంటే మాత్రం భయం. కారణం ఉంది. ఆరు నెలల కిందట అతను ప్రేమకొద్దీ గుప్పెడు మేత వేస్తే, తెల్లారేసరికి అత్తగారి చేపలు మూడు వెల్లకిలా తేలాయి. అప్పటినుంచి ఆవిడ అల్లుడితో నేరుగా మాట్లాడడం మానేసింది. ఈసారి ఆసుపత్రికి వెళ్తూ కూడా, "పదకొండున్నాయి. నేనొచ్చేసరికి పదకొండూ ఉండాలని మీ ఆయనకి చెప్పవే" అని కూతురితో అంది. అతను పక్కనే నిలబడి ఉన్నాడు.

అక్వేరియం ముందు వంగి చూడగానే అతని పైప్రాణాలు పైనే పోయాయి. తొమ్మిది చిన్న చేపలూ ఒక మూల బిక్కచచ్చి ఉన్నాయి. ఏంజెల్ చేపలు రెండూ ఒక వెడల్పాటి ఆకుకు అటొకటి ఇటొకటి కాపలా కాస్తున్నాయి. ఆకు మీద వరసలు వరసలుగా తెల్ల చుక్కలు. ఏదో అంటురోగమని అతనికి రూఢి అయిపోయింది. భార్యకు ఫోను చేశాడు. స్కూల్లో పరీక్షల డ్యూటీ, ఫోను ఆపేసి ఉంది. చివరికి చేపల షాపాయనకు చేశాడు.

"రోగం కాదు సార్, అవి గుడ్లు" అన్నాడు షాపాయన ఆవులిస్తూ. "మిగతా చేపల్ని పక్కకి తీసేయండి, లేకపోతే మింగేస్తాయి."

"తల్లీతండ్రీ కాపలా ఉన్నాయిగా?"

"అవి బెదిరాయంటే వాటి గుడ్లు అవే తినేస్తాయి సార్. ఏదైనా గుడ్డ కప్పి, చప్పుడు లేకుండా చూసుకోండి."

తానే గజగజలాడుతుంటే చేపలకు ధైర్యం ఎక్కణ్ణుంచి తెచ్చివ్వాలో అతనికి తెలియలేదు. మూడు పోతేనే ఆరు నెలల మౌనం. ఈ వంద గుడ్లూ పోతే అత్తగారు ఈ జన్మలో మాట్లాడదు. సబ్బు తగలని పాత్ర కోసం ఇల్లంతా వెతికి, తొమ్మిది చేపల్నీ పెద్ద అన్నం గిన్నెలోకి మార్చాడు. తెరలు వేశాడు. ఫ్యాను ఆపాడు. గోడ గడియారంలో బ్యాటరీ పీకేశాడు. అక్వేరియం మీద ఈ చివరనుంచి ఆ చివరకు తెల్ల దుప్పటి కప్పాడు. "దయచేసి శబ్దం చేయకండి" అని తలుపుకు కాగితం అంటించి, గడియ చప్పుడవుతుందని ఓరగా వదిలేశాడు. తర్వాత కుర్చీలో కూలబడితే భయానికి కళ్ళ నీళ్ళు వచ్చాయి.

పై అంతస్తు హెడ్మాస్టరు గారు మెట్లు దిగుతూ ఆ కాగితం చూశారు. తలుపు సందులోంచి తెల్ల దుప్పటి చూశారు, పక్కనే కన్నీళ్ళతో ఉన్న అల్లుణ్ణి చూశారు. అత్తగారు ఆసుపత్రిలో ఉన్న సంగతి ఆయనకు తెలుసు. చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చారు.

"ఎప్పుడు?"

"పొద్దున్నే చూశానండీ."

"ఒక్కసారి చూడొచ్చా?"

"గుడ్డ తీయొద్దండీ, మీకు దణ్ణం పెడతాను. మా ఆవిడకి కూడా ఇంకా తెలీదు."

హెడ్మాస్టరు గారు అతని భుజం తట్టి వెళ్ళారు. అరగంటలో ఇరుగూపొరుగూ పదిహేను మంది వచ్చి తలలు వంచుకుని కూర్చున్నారు. ఎందుకొచ్చారో అతనికి అంతుపట్టలేదు, అడిగితే చప్పుడు. కానీ ఇంతమంది ఇంత నిశ్శబ్దంగా కూర్చున్నందుకు వాళ్ళ మీద గౌరవం కలిగింది. ఒంటిగంట దాటినా ఆసుపత్రి సంగతి అతనికి గుర్తు రాలేదు.

తలుపు ధడాలున తెరుచుకుంది. నల్ల కళ్ళద్దాలతో, చేతిలో సంచీతో, గుమ్మంలో అత్తగారు.

"ఎవరు పోయారు?"

ఎవరి చేతిలోంచో స్టీలు గ్లాసు జారి ఖంగున మోగింది. హెడ్మాస్టరు గారు కుర్చీతో సహా వెనక్కి పడి, దుప్పటికేసి వేలు చూపించారు. ఆవిడ విసవిసా వచ్చి దుప్పటి లాగింది. ఆకు మీద సగం చుక్కలు లేవు. మిగతా సగాన్ని తల్లీతండ్రీ తీరిగ్గా మింగుతున్నాయి.

"అత్తయ్యగారూ, నేను..." అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పదిహేను రోజులకోసారి పెడతాయి, అవే తినేస్తాయి. కంగారు పడొద్దని నీకు చెప్పమని అమ్మాయికి నాలుగుసార్లు చెప్పాను. చెప్పలేదా?"

"లేదండీ."

నేరుగా మాట్లాడుకుంటున్నారని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆవిడ తడబడి, అన్నం గిన్నె మీదికి వంగి చేపల్ని లెక్కపెట్టింది. అన్నీ ఉన్నాయి. తర్వాత అల్లుడి ముఖం చూసింది.

"ఏడ్చావా?"

"పొద్దుట్నుంచీ ఏడుస్తూనే ఉన్నాడమ్మా, మీకోసం" అన్నారు నేల మీదనుంచి హెడ్మాస్టరు గారు.

"నాకోసమా, గుడ్లకోసమా?"

లిఫ్టు తాడు తెగినా అతనికి అంత భయం వేసేది కాదు. ఒక మంచి అబద్ధం నోటిదాకా వచ్చింది కానీ, కంగారులో నిజమే బయటపడింది.

"మీకు భయపడి, అత్తయ్యగారూ."

ఆవిడ ఆరు నెలల్లో మొదటిసారి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకోబోతే, కళ్ళు ముట్టుకోకూడదని అల్లుడే చెయ్యి పట్టుకుని ఆపాడు.

పదిహేనో రోజున చేపలు మళ్ళీ గుడ్లు పెట్టాయి. ఈసారి అత్తా అల్లుడూ కలిసి కాపలా కాశారు, ముప్పై పిల్లలు దక్కాయి. తలుపు మీద కాగితం అలాగే ఉంది. దాని కింద మాత్రం ఇంకో వాక్యం చేరింది: "మా అత్తగారు క్షేమంగానే ఉన్నారు."