పద్నాలుగో నంబరు చెప్పు

మనిషిని నమ్మవచ్చునా అన్న ప్రశ్నకు వేదాంతులు ఇంకా జవాబు వెతుకుతూనే ఉన్నారు. పోర్ట్ బ్లెయిర్‌లోని ఓడ ప్రయాణాల క్రమబద్ధీకరణ ఉపకార్యాలయం మాత్రం ఎప్పుడో తేల్చేసింది: నమ్మకూడదు, చెప్పునే నమ్మాలి. మనిషి క్యూలో నిలబడితే టీకి పోతాడు, పక్కవాడితో తగువు పెట్టుకుంటాడు, బావమరిదిని మధ్యలో దూరుస్తాడు. చెప్పుకు ఈ దుర్గుణాలేవీ లేవు. అందువల్ల విశాఖ ఓడకు టికెట్లిచ్చే ముందురోజు సాయంత్రం ప్రయాణికుడు తన ఎడమ చెప్పును, ఆవరణలో రంగుతో వేసిన నంబరు పక్కన పెట్టి ఇంటికి పోవాలి. (కుడి చెప్పు పెట్టడం నేరం కాదు గానీ, ప్రోత్సహించరు.) ఆ సాయంత్రం ఊళ్లోని తెలుగు పేట బతు బస్తీలో సగంమంది ఒంటి చెప్పుతో నడుస్తుంటారు. చూసినవాళ్లు ఓడ వచ్చిందన్నమాట అనుకుంటారు.

ఇంతటి వ్యవస్థ మీద పుట్టిన నాటి నుంచి ఒక్క మచ్చ లేదు. మొన్న పన్నెండో తారీఖు ఉదయం ఎనిమిదింటికి పడింది. పద్నాలుగో నంబరు దగ్గర ఉండవలసిన కళ్యాణి నీలం చెప్పు లేదు.

కళ్యాణికి పద్దెనిమిదిన విశాఖలో నర్సింగు సీటు కౌన్సెలింగ్. ఈ ఓడ తప్పితే మళ్లీ వచ్చే నెలే. సీటు అందాకా ఆగదు. ఆ పిల్ల అక్కడే ఏడుపు లంకించుకుంది. వెంట వచ్చిన మేనత్త యర్రమ్మ కొంగు బిగించింది.

యర్రమ్మది చేపలమ్మే వృత్తి. ప్రవృత్తి అపరాధ పరిశోధన. మొప్ప ఎత్తి చేప ఎన్నాళ్లదో చెప్పినట్టే, మొహం చూసి అబద్ధం ఎంతసేపటిదో చెబుతుంది. ధనరాజు కోడిపుంజు కేసూ, భజన మందిరం మైకు కేసూ ఆమె ఛేదించినవే. (మైకు దొరికినందుకు బస్తీ ఆమెను ఇప్పటికీ క్షమించలేదు.)

ఆమె తిన్నగా వరుస పర్యవేక్షణాధికారి తిరుమలరావు దగ్గరికి వెళ్లింది.

"ఏటి సాబ్ ఇది? పిల్ల మీ ఎదరే నిలబడుంది గదా!"

"నిలబడ్డారు, ఒప్పుకుంటాను. వరుసలో లేరు. ఏడో నిబంధన ప్రకారం చెప్పు లేని ప్రయాణికుడు ప్రయాణికుడే కాడు."

"కుడి సెప్పు కాలికే ఉంది, సూడండి!"

"అది సొంత వాడకంలో ఉంది, దీదీ. లెక్కలోకి రాదు."

చెప్పు పోయిందని ఫిర్యాదు చెయ్యాలంటే ఫారం నింపాలనీ, ఫారాలకు వేరే వరుస ఉందనీ, అందులోనూ ఎడమ చెప్పే పెట్టాలనీ ఆయన సౌమ్యంగా వివరించాడు. ఆయన చెడ్డవాడు కాడు, నిబంధనలు చదివినవాడు. (రెంటికీ తేడా ఉందని కొందరి వాదన.)

కౌంటరులో అమ్మకాలు మొదలవడానికి గంట ఉంది. అనుమానం ముందుగా పదిహేనో నంబరు గణేష్ మీదికి పోయింది. వండూర్ ఊరి కుర్రాడు, పక్క చెప్పు పోతే ఒక మెట్టు పైకి జరిగేవాడు.

"కసమ్ సే దీదీ, ఒట్టు, నాకేటీ తెలీదు! టికెట్లు నలభై ఉన్నాయి. పదిహేనైతే ఏటి, పద్నాలుగైతే ఏటి?"

యర్రమ్మ అతని మొహం చూసింది. తాజా సరుకే, అబద్ధం వాసన లేదు. వదిలేసింది. తర్వాత ఆవరణలోని కుక్కను చూసింది. అది అన్ని చెప్పుల మధ్య పడుకుని కూడా ఒక్కదాన్నీ ముట్టలేదు. ఆ కార్యాలయంలో అంత క్రమశిక్షణ మరెవరికీ లేదు.

అప్పుడు నేల చూసింది. తెల్లవారుజామున కురిసిన వాన ఆరింటికి ఆగింది. ఆవరణంతా ఇంకా తడిగానే ఉంది. పద్నాలుగు అంకె పక్కన మాత్రం సిమెంటు మీద చెప్పు ఆకారంలో పొడి మరక ఉంది.

"వాన పడినంతసేపూ సెప్పు ఇక్కడే ఉందే. ఆగేకే లేచెల్లింది," అని గేటు కాపలా గవరయ్యను పిలిచింది. "ఆరు దాటేక లోపలికెవరొచ్చేరు భయ్యా?"

"ఎవలొస్తారు దీదీ? జనానికి గేటు ఇందాకే తీసేను. అంతకుముందు సారొక్కలే."

యర్రమ్మ కౌంటరు వైపు తిరిగింది. ఆ కౌంటరు షట్టరు ఎత్తితే నిలవదన్న సంగతి దీవిలో పుట్టిన ప్రతి మనిషికీ తెలుసు. గుమాస్తా ఒక చేత్తో దాన్ని ఎత్తిపట్టుకుని రెండో చేత్తో ముద్ర వేసేవాడు. (మరమ్మతు ఫైలు మెయిన్‌లాండుకు వెళ్లవలసి ఉంది. దానికింకా టికెట్టు దొరకలేదు.) అలాంటి షట్టరు ఇవాళ ఎవరూ పట్టుకోకుండానే ఠీవిగా నిలబడి ఉంది. యర్రమ్మ దగ్గరికెళ్లి చూసింది. షట్టరుకూ చట్రానికీ మధ్య నీలం రంగు కనిపించింది.

"మా తమ్ముడు గోవిందు టైరు ముక్క అతికించిన సెప్పది! ఇన్నిట్లో అంత దళసరి సెప్పు మరోటి లేదు. ఏరి తీసేరు సాబ్!"

"దొంగతనం అనకండి. ప్రజాప్రయోజనార్థం స్వాధీనం," అన్నాడు తిరుమలరావు. "తీసిస్తే షట్టరు పడిపోతుంది, ఎవరికీ టికెట్టు ఉండదు. ఉంచితే చెప్పు వరుసలో లేదు, మీ అమ్మాయికి ఉండదు. రెండూ నిబంధనలకు లోబడే ఉన్నాయి."

"తియ్యొద్దు! తియ్యొద్దు!" అన్నారు వెనకనుంచి ముప్పై తొమ్మిది మంది ఒంటి చెప్పు పౌరులు.

"పోదాం అత్తా," అంది కళ్యాణి. ఆ మాటకు యర్రమ్మకు ఒళ్లు మండిపోయింది.

"సాబ్, సెప్పెక్కడుంటే మనిషక్కడున్నట్టే గదా?"

"నిస్సందేహంగా."

"ఒకటో నంబరు సెప్పు కౌంటరుకెంత దూరం?"

"నాలుగడుగులు."

"మరి మా పిల్లది?"

తిరుమలరావు షట్టరు చూశాడు. నిబంధనల పుస్తకం తీశాడు, రెండు పేజీలు తిప్పాడు, మూశాడు. చదివినవాడు కాబట్టి తప్పించుకోలేకపోయాడు. తొమ్మిదింటికి మొదటి టికెట్టు కళ్యాణి పేరనే పడింది.

చెప్పు తిరిగివ్వడం మాత్రం వీలుపడలేదు. దానికి ఆ మధ్యాహ్నమే రిజిస్టరులో నంబరు కేటాయించి, ముప్పై ఏళ్ల సేవాకాలం ఖరారు చేసి, ఉత్తర్వు ఇచ్చారు.

ఆ ఉత్తర్వు యర్రమ్మ ఇంటికి తీసుకొచ్చి చూపిస్తే, కళ్యాణి తండ్రి గోవిందు దాన్ని దేవుడి పటం పక్కన పెట్టాడు. వాళ్ల తాత ఈ దీవిలో దిగిన నాటి నుంచి మూడు తరాల్లో, ఆ ఇంట పర్మనెంటు గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది ఆ ఎడమ చెప్పుకే.