మద్దిలేటి అనే సముద్రజీవి

నాపరాయి గనిలో పెళ్లలు విరిగిపడి కనిపించకుండా పోయిన మద్దిలేటి, వానలు వెళ్లాక ఒక బండలో దొరికాడు. పరిశీలించిన నిపుణులు ఆయన్ని ఇంతవరకు ఎవరూ చూడని సముద్రజీవి శిలాజంగా గుర్తించారు.

గుర్తించడంలో పెద్ద ఇబ్బంది రాలేదు. బండ కోట్ల ఏళ్ల నాటిది. బండలో ఉన్నది బండకంటే కొత్తది కావడానికి వీల్లేదు. పైగా గని కూలనే లేదని యజమాని రాసిచ్చాడు. కూలని గనిలో మనిషి చిక్కుకోడు. కాబట్టి రాతిలో చాచుకుని ఉన్న ఐదూ వేళ్లు కావు, నీళ్లలో తిండి వెతుక్కునే మీసాలు. పక్కన గుండ్రంగా ఉన్నది సద్దిగిన్నె కాదు, గుల్ల.

భార్య సుంకులమ్మను మ్యూజియానికి పిలిపించారు. శిలాజాల నిపుణుడు డాక్టర్ కృపానిధి ఆమెకు కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. మంచి మనిషి.

"ఆ చిటికెనేలు చూడు సార్, వంకర. సమ్మెట తగిలి ఇరిగింది. ఈయప్ప మా ఇంటాయన."

"ఈ జాతిలో అది సహజమేమోనమ్మా. రెండోది దొరికితేగాని చెప్పలేం."

"రెండోది యాడుంటాది సార్? ఒక్కడే గదా మొగుడు."

కృపానిధి ఓపిగ్గా వివరించాడు. ఇప్పుడు చుక్క నీళ్లు లేని ఈ నేలంతా ఒకప్పుడు సముద్రం.

"మా ఆయన సముద్రమే చూడల్యా సార్," అంది సుంకులమ్మ. "ఒక్కసారి పోదామని పెండ్లయినకాడి నుంచీ అంటాండె. ఇచ్చేయండి సార్, మట్టి చేసుకుంటాం."

"కోట్ల ఏళ్లుగా మట్టిలోనే ఉంది కదమ్మా."

ఆమె ఏడుపు ఆగేదాకా ఆయన కూర్చున్నాడు. టీ చల్లారితే ఇంకోటి తెప్పించాడు.

బండను ఉచితంగా ఇచ్చినందుకు కొత్త జాతికి గని యజమాని ఇంటిపేరు పెట్టారు. సుంకులమ్మ పెట్టుకున్న వితంతు పింఛను అర్జీ తిరిగొచ్చింది. అన్ని కోట్ల ఏళ్ల కిందట చనిపోయిన జీవికి భార్య అయ్యేంత వయసు అర్జీదారుకు లేదన్నారు. ఆధార్ కార్డు చూస్తే ఆ మాట నిజమే.

కృపానిధి చొరవ తీసుకుని ఆమెకు మ్యూజియంలో ఊడ్చే పని ఇప్పించాడు. రోజూ ఆ బండ ముందున్న అద్దం ఆమే తుడిచేది. ఒకసారి బడిపిల్లలు వచ్చారు.

"ఇది ఏం తినేది టీచర్?" అని ఒక పాప అడిగింది.

"చిన్నచిన్న పురుగుల్ని."

"జొన్నరొట్టె, ఎర్రకారం," అంది వెనకనుంచి సుంకులమ్మ.

శాస్త్రీయం కాని సమాచారం ఇచ్చినందుకు ఆమెకు మెమో ఇచ్చారు. ఆ తర్వాత ఆమె ఆ తప్పు చేయలేదు. పిల్లలు అడిగితే పురుగులనే చెబుతోంది. పాచిని కూడా తినేదని ఈమధ్య తనంతట తానే కలుపుతోంది.

గని మళ్లీ తెరిచారు. మద్దిలేటి అనే మనిషి అక్కడ పనిచేసినట్టే తేలలేదు కాబట్టి చోటేమీ ఖాళీ కాలేదు. అయినా యజమాని దయతలచి అతని కొడుకు ఓబులేసును పనిలో పెట్టుకున్నాడు. మొదటిరోజు పొద్దున్నే వాడు గడప దాటబోతుంటే సుంకులమ్మ ఆపింది.

"పైన పెళ్ల కదిలిన సద్దయితే బోర్లా పడొద్దు నాయనా. మొగం పైకి పెట్టు."

"ఎందుకమ్మా?"

"గుర్తుపట్టేదానికి."

ఓబులేసు సద్దిగిన్నె చేతికి తీసుకున్నాడు.

"కండ్లు తెరిచి పెట్టాల్నా, మూసుకోవాల్నా?"

"తెరిచే పెట్టు," అంది.

"సరేమ్మా," అని వాడు చెప్పులేసుకున్నాడు.