పచ్చబోర్డు పరువు

పొద్దున ఎనిమిదిన్నర బస్సు ఎక్కాలి. పదకొండున్నరకల్లా దిగి, హోటల్లో సామాను పడేసి, ఒక కునుకు తీయాలి. నాలుగింటికి చెరువు దగ్గరికి వెళ్లి పడవ ఎక్కాలి. ఆరింటికి పడవలు ఆపేస్తారు. మర్నాడు పొద్దున ఇంటికి. ఇదీ కార్యక్రమం. రాసుకునేంత ఏమీ లేదు గానీ తూకాలాయన దాన్ని ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా వాయిదా పడుతున్న పని కదా, రాసిపెడితేనైనా జరుగుతుందని ఆశ.

ఆయన తూకపు యంత్రాలు బాగుచేసే మెకానిక్కు. గోదాముల్లో, మందుల షాపుల్లో, ఆసుపత్రుల్లో ముల్లు అటూ ఇటూ అయితే వెళ్లి సరిచేసి వచ్చేవాడు. నెలకి పదిరోజులు ఊళ్ల మీదే. ఏ ఊరు వెళ్లినా పచ్చబోర్డులోనే బస. ఆ హోటళ్లకి అసలు పేరు వేరే ఉంది గానీ అది ఎవరికీ నోరు తిరగదు. పచ్చటి బోర్డు మీద తెల్లటి దిండు బొమ్మ ఉంటుంది కాబట్టి అందరికీ అది పచ్చబోర్డే. చవక, శుభ్రం, మర్యాద. తూకాలాయన లాంటి మధ్యరకం ఉద్యోగులకి అంతకుమించి స్వర్గం ఇంకెక్కడా లేదు.

ఇంటికొచ్చాక ఆ స్వర్గం గురించి చెప్పకుండా ఉండలేకపోవడం ఒక్కటే ఆయనకున్న జబ్బు. "పచ్చబోర్డులో దుప్పటి పరిస్తే ఒక్క ముడత ఉండదోయ్." "పచ్చబోర్డులో కుళాయి ఇలా తిప్పితే అలా వేణ్ణీళ్లు." భార్య మొదట్లో విని ఊరుకుంది. కొన్నేళ్లకి దానికి వరస కలిపింది. ఆయన సంచి సర్దుకుంటుంటే, "వెళ్లిరండి. మా అక్కగారిని అడిగానని చెప్పండి" అనేది.

"ఏ అక్కగారు?"

"నాకన్నా ముందు మీ మనసులో కాపురం పెట్టిందే, ఆ పచ్చబోర్డు. సవతి అంటే బాగుండదని అక్క అంటున్నా."

ఒకసారి నన్నూ తీసుకెళ్లండి అని ఆవిడ ఏటా అడిగేది. వచ్చేసారి అని ఈయన ఏటా అనేవాడు. అలా అంటూ ఉండగానే ఆయన నడుం పట్టేసింది. కంపెనీవాళ్లు తిరుగుడు మాన్పించి వర్కుషాపులో కూర్చోబెట్టారు. ఏడేళ్లు అక్కడే గడిపి, పోయిన నెలలో రిటైరయ్యాడు. రిటైరైన మొదటివారమే, చెరువున్న ఊరి పచ్చబోర్డులో ఇద్దరికీ గది తీసుకున్నాడు. అద్దె మూడింతలైంది. మంచి సరుక్కి ధర పెరగదా అనుకున్నాడు.

దిగి చూస్తే, బోర్డు మీద పచ్చదనం వెలిసిపోయి పాచిరంగులో ఉంది. లోపల కౌంటరు దగ్గర లేచి నిలబడి "రండి రండి, ఎన్నాళ్లకి!" అనే గుమాస్తా లేడు. ఆయన స్థానంలో ఒక తెర ఉంది. తూకాలాయన ఫోను నంబరు కొట్టాడు. "మీరు మనిషేనని నిరూపించండి" అని అడిగింది తెర.

"పదిహేనేళ్లు తిరిగారుగా, గుర్తుపట్టలేదా మా అక్కగారు?" అంది భార్య.

మెట్ల బొమ్మలు, సైకిలు బొమ్మలు గుర్తుపట్టి, మూడోసారికి ఆయన మనిషి అనిపించుకున్నాడు. లిఫ్టు పనిచేయడం లేదు. మూడో అంతస్తుకి నడిచి ఎక్కి, గది తలుపు తీశారు.

మంచం ఒకటి, దిండు ఒకటి. దుప్పటి మీద దేశపటంలాంటి మరక. కిటికీ తెరిస్తే అవతల ఏదో ప్రకటన బోర్డు వెనక రేకు. స్నానాలగదిలో సబ్బునీళ్ల డబ్బా గోడకి బిగించి ఉంది, లోపల చుక్క లేదు. నీళ్లు కాచుకునే కెటిల్ ఉండాల్సిన చోట రెండు మేకుల కన్నాలున్నాయి. "ప్రకృతి పరిరక్షణ నిమిత్తం తువ్వాళ్లు కోరినవారికే ఇవ్వబడును" అని ఒక చీటీ.

భార్య గది నాలుగు మూలలా చూసింది. "ఇదేనా?" అంది. వెటకారంగా అని ఉంటే ఆయన తట్టుకునేవాడే. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది.

"మనం తొందరగా వచ్చేశాం. గది ఇంకా సర్దలేదు. నువ్వు కాస్త కూర్చో, నేను కిందికెళ్లి చెప్పొస్తా" అన్నాడు. నిజం చెప్పి నవ్వేస్తే అక్కడితో అయిపోయేది. కానీ ఇరవై రెండేళ్ల పొగడ్త ఒక్క నిమిషంలో వెనక్కి తీసుకోవడం ఎవరి తరం?

కింద చెప్పడానికి మనిషంటూ ఉంటేగా. రెండో అంతస్తులో బకెట్టుతో ఒకావిడ కనిపించింది. నాలుగంతస్తులకీ ఆవిడ ఒక్కతేనట. "తువ్వాళ్లు ఉతుక్కి వెళ్లాయి సారూ. ఎప్పుడొస్తాయో ఉతికేవాడికే తెలీదు. ఫోన్లో కంప్లైంటు రాయండి" అని, తలెత్తకుండానే మెట్లు తుడుచుకుంటూ పోయింది.

తూకాలాయన వీధిలోకి వెళ్లి ఒక దుకాణంలో రెండు తువ్వాళ్లు, సబ్బు, దుప్పటి, దిండు కొన్నాడు. కవర్లు అక్కడే చింపేశాడు. తువ్వాళ్లు ముంజేతి మీద వేసుకుని, పచ్చబోర్డు పద్ధతిలో నాలుగు మడతలు పెట్టి, మెట్లెక్కి వస్తుంటే పక్కగది తలుపు తెరుచుకుంది.

"వచ్చావా బాబూ! పొద్దుట్నించీ గొంతు చించుకుంటున్నా. నా తువ్వాలేదీ?" అంది ఒక ముసలావిడ.

నేను ఇక్కడివాణ్ణి కాదమ్మా అనడానికే ఆయన నోరు తెరిచాడు. కానీ తన హోటల్ని పట్టుకుని ఒక పెద్దావిడ అలా అడుగుతుంటే సిగ్గేసింది. "క్షమించండి మామ్మగారూ, ఆలస్యమైంది" అనే మాట బయటికొచ్చింది. ఒక తువ్వాలు ఆవిడ చేతిలో పెట్టాడు.

"కొత్తగా చేరావా?"

"లేదండీ, ఇరవై రెండేళ్ల నుంచీ వస్తున్నా" అన్నాడు. అదీ నిజమే.

మిగిలిన సామానుతో గదిలోకి వెళ్లి, "చూశావా, చెప్పగానే ఇచ్చారు" అన్నాడు. దుప్పటి ముడత లేకుండా తనే పరిచాడు. భార్య ఏదో అనబోయేలోగా తలుపు చప్పుడైంది. మామ్మగారి గదిలో బల్బు వెలగడం లేదట. తలుపు సందులోంచే ఆవిడకి సరేనని చెప్పి పంపించి, "పాత పరిచయం, పలకరించడానికి వచ్చింది. ఐదు నిమిషాల్లో వస్తా" అని భార్యకి చెప్పి బయటపడ్డాడు.

మళ్లీ దుకాణం. బల్బు తెచ్చి బిగిస్తుంటే ఎదుటిగదిలోని టై కట్టుకున్నాయన చూశాడు. ఆయనకి కుళాయి కారుతోంది. ఆ చప్పుడుకి తల పగిలిపోతోందట. జేబులో స్క్రూడ్రైవరు లేకుండా గడప దాటని మనిషి తూకాలాయన. అది కాస్తా ఆ టై ఆయన కంట పడింది. కుళాయి బాగవుతుండగానే పై అంతస్తువాళ్లకి కబురు తెలిసింది. సబ్బొకరికి, దిండొకరికి, గడియ పడని తలుపొకరికి. దుకాణానికి నాలుగోసారి వెళ్లినప్పుడు దుకాణదారు, "పోన్లెండి, ఇన్నాళ్లకి ఆ హోటలుకొక మేనేజర్ని వేశారు" అని సంతోషించి ఒక సబ్బు ఊరికే ఇచ్చాడు.

గదిలో భార్య రెండున్నరకి చీర మార్చుకుంది. మూడింటికి జడ వేసుకుంది. నాలుగింటికి చెప్పులు తొడుక్కుని మంచం అంచున కూర్చుంది. ఆయన మధ్యమధ్య తల లోపలికి పెట్టి, "ఐదే ఐదు నిమిషాలు" అని మాయమవుతున్నాడు. ఐదు కావస్తుండగా ఆవిడ లేచి పక్కగది తలుపు తట్టింది.

"నీలం చొక్కా వేసుకున్నాయన్ని చూశారా అండీ?"

"ఎవరూ, మన పనాయనేనా? బంగారం అనుకో! ఇంకా అలాంటివాళ్లు ఉన్నారా అనిపించింది. ఇరవై రెండేళ్ల నుంచీ ఇక్కడేనట, తనే చెప్పాడు" అంది మామ్మగారు.

భార్య వెనక్కొచ్చి మంచం మీద కూలబడింది. దుప్పటి ముడతల గురించి ఆయనకి అంత ఎలా తెలుసో, తువ్వాలు నాలుగు మడతలు పెట్టడం ఎక్కడ నేర్చాడో, ఇన్నేళ్లూ ఎందుకు వెంట తీసుకురాలేదో, అన్నీ ఒక్కసారి ముడివిడినట్టయింది. తూకాలూ లేవు, గోదాములూ లేవు. గదులు తుడిచే పని చేస్తూ, ఇంట్లో చెప్పుకోలేక మెకానిక్కునని చెప్పాడు పిచ్చిమనిషి. అక్కగారంటూ తను వెక్కిరించినప్పుడల్లా లోపల ఎంత కుమిలిపోయాడో! ఆవిడకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడే మంచం మీద ఆయన ఫోను మోగి, "మీ బస ఎలా ఉంది?" అని అడిగింది. ఆవిడ ఐదు నక్షత్రాలూ నొక్కి, ముక్కు తుడుచుకుని, దాంట్లో మాట్లాడింది: "ఇక్కడ పనిచేసే నీలం చొక్కా ఆయన చాలా మంచివాడు. పెద్దవాడయ్యాడు. ఆయన్ని ఏమీ అనకండి."

తర్వాత ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లింది. ఎదుటిగది స్నానాలగదిలో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. కుళాయి మళ్లీ కారుతున్నట్టుంది. టై ఆయన నెత్తిన నిలబడి, "మీలాంటివాళ్ల వల్లే ఈ హోటలు ఇలా తగలడింది" అంటున్నాడు. "నిజమేనండీ, క్షమించండి" అంటున్నాడు ఈయన.

"ఏమయ్యా, నీ తండ్రి వయసుంటుంది ఆయనకి! నీకు కుళాయే గానీ మనిషి కనపడడా?" అంది ఆవిడ. ఆవిడ మొగుణ్ణి చెయ్యి పట్టి లేపి గదిలోకి తీసుకొచ్చింది.

"ముందే చెబితే నేను కాదనేదాన్నా?"

"ఏం చెబితే?"

"గదులు తుడిస్తే మాత్రం తప్పేముంది? దొంగతనమా, దోపిడీయా? ఇన్నేళ్లు ఆ తూకాల కథ ఎందుకు చెప్పారండీ నాకు?"

తూకాలాయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక పగలబడి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. దాంతో నవ్వు ఆపేసి, దుప్పటి మొదలుకుని బల్బు దాకా జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"ఇది ఇలా ఉండేది కాదే. నిజంగా బాగుండేది. నేను చెప్పిందాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. బాగున్నప్పుడు నిన్ను తీసుకురావలసింది."

"మరెందుకు తీసుకురాలేదు?"

పిల్లదాని పరీక్షలు, మీ అమ్మ ఆరోగ్యం అని ఎప్పటి జవాబు చెప్పబోయాడు. ఆ పూటకి అబద్ధాలు చాలనిపించింది. "ఇక్కడ ఒక్కణ్ణే ఉంటే హాయిగా ఉండేది. ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. నువ్వొస్తే అది పోతుందేమో అనుకున్నా" అన్నాడు.

ఆవిడ కిటికీ అవతల రేకు వంక తిరిగింది. "నాకూ అలాంటి గది ఒకటి కావాలని ఎప్పుడైనా అనిపించిందా మీకు?" అంది. ఆయన గడియారం చూసుకున్నాడు. ఆరు దాటింది. ఆవిడ చెప్పులు విప్పి మంచం కింద పెట్టుకుంది.

మర్నాడు పొద్దున దిగుతుంటే బకెట్టు ఆవిడ మెట్ల మీద అడ్డంగా కూర్చుని ఉంది. ఫోను ఆయన మొహం ముందు పెట్టింది. "ఏం పని చేశారు సారూ?"

"ఏమైందమ్మా?"

"మార్కులు ఐదింట్లో రెండుకి పడిపోతే ఇంకో ఇద్దర్ని వేస్తామని పెద్దాఫీసువాళ్లు చెప్పారు. ఎనిమిది నెలలు పట్టింది సారూ, కంప్లైంట్లు రాయించి రాయించి రెండుకి దించడానికి. నిన్న పొద్దుటికి దిగింది. ఆఖరి పదిమంది ఇచ్చిన మార్కులే లెక్కట, సాయంత్రానికి నాలుగున్నర! అన్ని గదులవాళ్లూ అదే రాశారు, నీలం చొక్కా ఆయన, నీలం చొక్కా ఆయన అని. ఆ టై ఆయన కూడా! నిన్నంతా నన్ను తిట్టిపోశాడు."

తూకాలాయన గబగబా ఫోను తీసి ఒక్క నక్షత్రం నొక్కబోయాడు. "మీ గది నుంచి ఐదు నక్షత్రాలు ఇదివరకే అందాయి. ధన్యవాదాలు" అంది ఫోను. భార్య తల వంచుకుంది. ఆయన కళ్లు కూడా పైకి లేవలేదు. అమ్మా, తప్పయిపోయింది అని మాత్రం అనగలిగాడు.

వారం తిరక్కుండా పెద్దాఫీసు నుంచి సందేశం వచ్చింది. భార్య కళ్లజోడు పెట్టుకుని చదివింది: "మీరు మెచ్చుకున్న నీలం చొక్కా ఉద్యోగి వివరాలు మా రికార్డుల్లో లేవు. అంటే ఆ శాఖలో ఉండవలసినదానికన్నా ఒకరు ఎక్కువ ఉన్నట్టు తేలింది. అదనంగా ఉన్నవారిని తొలగిస్తున్నాము."

ఆ చొక్కా నాదే బాబూ అని తూకాలాయన మూడుసార్లు రాశాడు. మీ అభిప్రాయం మాకెంతో విలువైనదని మూడుసార్లు జవాబొచ్చింది. ఇక లాభం లేదని ఇద్దరూ బస్సెక్కి మళ్లీ వెళ్లారు. మెట్లు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. బకెట్టు ఆవిడ లేదు. ఎదుటి దుకాణదారుని అడిగితే, పోయినవారమే మానిపించారనీ, ఆసుపత్రిలో పని దొరికిందనీ, అక్కడ ఆవిడకి ఒక్క అంతస్తే అప్పజెప్పారనీ చెప్పాడు. "వెళ్లేటప్పుడు మిమ్మల్నే తలుచుకుందండీ. మొదట తిట్టింది, తర్వాత దండం పెట్టింది" అన్నాడు.

ఇద్దరూ హోటలు గుమ్మంలో కాసేపు నిలబడ్డారు. లోపల ఎవరూ లేరు. కౌంటరు మీద తెర ఒక్కటే వెలుగుతోంది: "ఈ శాఖలో సిబ్బంది సేవకు అతిథులు ఇచ్చిన మార్కులు, ఐదుకి నాలుగున్నర."